అమ్మకి ఆయాసం, బాబుకి తుమ్ములు: ఏ మందు ఏం చేస్తుంది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒడిశాలో కాశీనగరం దగ్గర పల్లెలో ఉండే మీ అమ్మగారికి 54 ఏళ్లు, పదేళ్లుగా ఆయాసం. సంతలో కూర్చునే ఒకాయన కాగితం పొట్లంలో కట్టి ఇచ్చే తెల్ల మాత్రలు మూడేళ్ల నుంచి వాడుతున్నారు. వేసుకుంటే హాయిగా ఉంటుంది, మానేస్తే నాలుగో రోజుకి మళ్లీ ఎగశ్వాస. ఈమధ్య ముఖం ఉబ్బింది, షుగరు కూడా బయటపడింది. మీ బాబుకి తొమ్మిదేళ్లు. పొద్దున్నే వరసగా తుమ్ములు, రాత్రి దగ్గు. ఎనిమిది నెలలుగా మాంటెలుకాస్ట్, లీవోసిట్రిజిన్ కలిసిన మాత్ర వేస్తున్నారు, ఆయాసం వస్తే నోటితో మందు పీల్చే నీలం పంపు (ఇన్హేలర్) కొడుతున్నారు. పర్లాకిమిడిలో చూపిస్తే డాక్టరుగారు ఇద్దరికీ రోజూ వాడే పంపు రాశారు. "పంపు పట్టుకుంటే చచ్చేదాకా వదలదు, మృగశిరకి హైదరాబాదు తీసుకెళ్లి చేప మందు వేయిద్దాం" అని ఇంట్లో పెద్దలు అడ్డం పడ్డారు. పంపు అలవాటైపోతుందా, తెల్ల మాత్రలు ఆపేయొచ్చా, ఇద్దరిదీ ఒకటే జబ్బా, బాబుని బళ్లో పరుగు పందాలకి పంపొచ్చా అని అడిగారు.

నేను డాక్టర్ని కాదు. పర్లాకిమిడిలో 27 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టుని. ఏ మందు ఎవరికి ఎంత అన్నది మీ డాక్టరుగారు చెప్పాలి. ఆ మందు ఒంట్లో ఏం చేస్తుంది, మనవాళ్లు దాన్ని ఎక్కడ తప్పుగా వాడతారు అన్నది మాత్రం నేను రోజూ చూసేదే.

ముందు తెల్ల మాత్రల సంగతి. ప్రమాదం అక్కడే ఉంది. దయచేసి ఈ పూటే ఆపేయకండి. పేరు లేని మాత్ర ఏమిటో చూడకుండా తేల్చలేం గానీ, వేసుకోగానే హాయి, మానితే తిరగబెట్టడం, ముఖం గుండ్రంగా ఉబ్బడం, షుగరు రావడం, ఈ నాలుగూ కలిశాయంటే నాకు స్టెరాయిడ్ మీదే అనుమానం. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్, వీటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది. మన మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయి. ఒంటికి కావలసిన స్టెరాయిడ్‌ని రోజూ అవే తయారు చేస్తాయి. బయట నుంచి మూడు వారాలకి మించి రోజూ వస్తూ ఉంటే, ఇక మనతో పని లేదనుకుని అవి నిద్రపోతాయి. మూడేళ్లు వాడిన మనిషి ఒక్కసారిగా మానేస్తే ఆ గ్రంథులు వెంటనే లేవలేవు. విపరీతమైన నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదకే వస్తుంది. అందుకే డాక్టరుగారు పంపు మొదలుపెట్టి, అది పట్టుకున్నాక మాత్రని కొద్దికొద్దిగా, వారాల తరబడి తగ్గిస్తారు. మీరు చేయవలసింది ఒక్కటే. ఆ పొట్లాన్ని ఉన్నదున్నట్టు పట్టుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టండి. తిడతారేమోనని దాచకండి. షాపుకి వచ్చేవాళ్లలో చాలామంది దాస్తారు, నాకు తెలుసు.

స్టెరాయిడ్ చెడ్డ మందని నేను అనడం లేదు. ఆయాసం ముదిరి ఆసుపత్రికి వెళ్లిన మనిషికి 5 నుంచి 7 రోజులు ప్రెడ్నిసొలోన్ మాత్రలు ఇస్తారు. పెద్దవాళ్లకి రోజుకి 40, 50 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అది ప్రాణం నిలబెట్టే మందు. అన్ని కొద్ది రోజులకి మెల్లగా తగ్గించాల్సిన పని కూడా సాధారణంగా ఉండదు. నెలల తరబడి, పేరు తెలియకుండా, లెక్క లేకుండా మింగినప్పుడే అది షుగరు తెస్తుంది, ఎముకలు గుల్లబారుస్తుంది, కళ్లలో శుక్లాలు పెంచుతుంది, చర్మాన్ని ఉల్లిపొరలా చేస్తుంది.

ఇక పంపు. దీన్ని అర్థం చేసుకోవాలంటే ఆయాసం ఎలా వస్తుందో తెలియాలి. ఊపిరి గొట్టాల చుట్టూ సన్నటి కండరం చుట్టుకుని ఉంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకి దుమ్మో పొగో చలిగాలో తగలగానే ఆ కండరం బిగుసుకుంటుంది. అది నిమిషాల్లో జరిగేది, మనకి తెలిసేది, పిల్లికూతలు వినిపించేది. రెండోది చప్పుడు చేయదు. గొట్టం లోపలి పొర ఎర్రగా వాచి, జిగురు కళ్లె ఊరుతూ ఉంటుంది. బాగున్న రోజున కూడా ఆ వాపు లోపల ఉంటుంది. అసలు జబ్బు ఈ వాపే. అది ఉన్నన్నాళ్లూ కండరం చిన్న సాకు దొరికినా బిగుసుకుంటుంది.

నీలం పంపులో ఉండేది సాల్బుటమాల్ లేదా లీవోసాల్బుటమాల్. సాల్బుటమాల్ 1969లో బజారులోకి వచ్చింది. పీల్చిన 5 నిమిషాల్లో కండరాన్ని వదులు చేస్తుంది, నాలుగైదు గంటలు పనిచేస్తుంది. వాపుని మాత్రం ముట్టుకోదు. మనిషికి ఊపిరి ఆడుతుంది, బాగైపోయిందనుకుంటాడు, లోపల వాపు పెరుగుతూనే ఉంటుంది. పంపు అలవాటైపోయిందని మనవాళ్లు చెప్పుకునే కథలన్నీ నీలం పంపువే. మందుకి బానిస అవడం కాదది. వాపుకి మందు వేయనందువల్ల జబ్బు ముదిరి, నీలం పంపు అవసరం పెరిగిందన్నమాట. ఒక నీలం పంపులో సాధారణంగా 200 పఫ్‌లు ఉంటాయి, ఒకసారి నొక్కితే ఒక పఫ్. ఆయాసం అదుపులో ఉన్నవాడికి అది నెలల తరబడి రావాలి. ఏడాదికి మూడు డబ్బాలు దాటుతున్నాయంటే ఆ మనిషికి పెద్ద ఆయాసం వచ్చే ముప్పు పెరిగినట్టు. నెలకో డబ్బా ఖాళీ అవుతోందంటే ప్రాణానికే ముప్పు. నెల తిరక్కుండా వచ్చి నీలం పంపు అడిగేవాళ్లకి నేను డబ్బా ఇచ్చి ఊరుకోను, కూర్చోబెట్టి మాట్లాడతాను.

డాక్టరుగారు రోజూ కొట్టమన్న పంపులో ఉండేది పీల్చే స్టెరాయిడ్. బ్యుడెసొనైడ్, బెక్లోమెథసోన్, ఫ్లూటికాసోన్, ఇలా పేర్లుంటాయి. ఇది వాపు తగ్గించే మందు. కొట్టిన రోజున ఏమీ తెలియదు. వారం, రెండు వారాలు పోయాక రాత్రిళ్లు లేవడం తగ్గుతుంది. పూర్తి ఫలితానికి ఒకటి రెండు నెలలు పడుతుంది. మనవాళ్లు దీన్ని వదిలేసేది ఇక్కడే. డబ్బు పెట్టి కొన్నాం, నాలుగు రోజులు కొట్టాం, గుణం కనబడలేదు అని అటక మీద పెట్టేస్తారు. వెంటనే హాయినిచ్చేదే మంచి మందని మన లెక్క. ఉబ్బసంలో ఆ లెక్క తిరగబడుతుంది. ఈ రోజు ఏమీ చేయనట్టు కనిపించే పంపే మీ అమ్మగారిని వచ్చే చలికాలంలో ఆసుపత్రి మెట్లెక్కకుండా ఆపేది.

స్టెరాయిడ్ అంటున్నారు కదా, తెల్ల మాత్రకీ దీనికీ తేడా ఏమిటి అని మీకు అనిపిస్తుంది. మందు ఎంత, ఎక్కడికి వెళుతోంది అన్నదే తేడా. నీలం పంపుతోనే లెక్క చెబుతాను, అందులో మందు ఒకటే కాబట్టి తేలిగ్గా తెలుస్తుంది. సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు, అంటే 4000 మైక్రోగ్రాములు. పంపు ఒక్క పఫ్‌లో 100 మైక్రోగ్రాములు. ఒక మాత్ర మింగితే 40 పఫ్‌ల మందు కడుపులోకి వెళ్లి, రక్తంలో కలిసి, గుండె దడ, చేతులు వణకడం తెచ్చి, చివరికి కాస్త ఊపిరితిత్తులకి చేరుతుంది. పఫ్ తిన్నగా అక్కడికే వెళుతుంది. స్టెరాయిడ్ పంపు సూత్రమూ ఇదే. దీనికీ దుష్ఫలితాలు లేకపోలేదు. మందు నోట్లో మిగిలితే నాలుక మీద తెల్ల పూత, గొంతు బొంగురు వస్తాయి. కొట్టిన ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తే చాలావరకు రావు. ఏళ్ల తరబడి వాడే పిల్లల ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు తగ్గొచ్చు. ఇది మీకు చెప్పకుండా ఉండలేను. కానీ రాత్రంతా దగ్గుతూ, నిద్రలేక, నెలకోసారి బడి మానేసే పిల్లాడి ఎదుగుదల ఎలా ఉంటుందో కూడా లెక్కలోకి తీసుకోండి.

ఒకే డబ్బాలో రెండు మందులు కలిసిన పంపులూ ఉన్నాయి. బ్యుడెసొనైడ్‌తో ఫార్మోటెరాల్ కలిసినది ఒకటి, ఫ్లూటికాసోన్‌తో సాల్మెటెరాల్ కలిసినది ఇంకొకటి. ఫార్మోటెరాల్ నిమిషాల్లో పనిచేసి 12 గంటలు నిలుస్తుంది. సాల్మెటెరాల్ కూడా 12 గంటలు ఉంటుంది గానీ మెల్లగా అందుకుంటుంది, ఆయాసం వచ్చిన క్షణానికి పనికిరాదు. ఉబ్బసానికి ప్రపంచమంతా డాక్టర్లు చూసే జినా మార్గదర్శకాలు 2019లో ఒక పెద్ద మార్పు తెచ్చాయి. నీలం పంపు ఒక్కదానితో నెట్టుకురావడం మంచిది కాదు, వాపు తగ్గించే మందు కూడా వెళ్లాలి అన్నాయి. అందుకే కొందరు డాక్టర్లు బ్యుడెసొనైడ్, ఫార్మోటెరాల్ పంపునే రోజువారీకీ, ఆయాసం వచ్చినప్పుడూ వాడమంటున్నారు. మీకు ఏ పద్ధతి చెప్పారో, రోజుకి ఎన్ని పఫ్‌లు దాటకూడదో అడిగి చీటీ మీద రాయించుకోండి.

ఇప్పుడు అసలు కష్టం, కొట్టే తీరు. పంపు పనిచేయలేదని నా దగ్గరికి వచ్చేవాళ్లని ఒకసారి కొట్టి చూపించమంటాను. ఈమధ్య ఒకావిడ డబ్బా ఊపలేదు, మూతి దూరంగా పెట్టుకుంది, ముందు నొక్కి తరువాత పీల్చింది. తెల్లటి ఆవిరి పెదాల పక్కనుంచి పొగలా బయటికి పోయింది. ఆ ఆవిరే మందు. ఆరు నెలలుగా ఆవిడ కొన్న మందంతా అలా గాల్లో కలిసింది. డబ్బా బాగా ఊపాలి. ఊపిరి మెల్లగా పూర్తిగా వదలాలి. పెదాలు బిగించి, పీల్చడం మొదలుపెడుతూ ఒకసారి నొక్కి, నాలుగైదు సెకన్లు నింపాదిగా లోపలికి లాగాలి. పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగపట్టాలి. రెండో పఫ్‌కి అర నిమిషం ఆగి మళ్లీ ఊపాలి.

చేయి, ఊపిరి కలవడం పిల్లలకీ పెద్దవాళ్లకీ కష్టం. అందుకే స్పేసర్. గొట్టంలాంటి ఆ డబ్బాలోకి పఫ్ కొట్టి, అందులోంచి నింపాదిగా పీల్చాలి. ఒకసారికి ఒకే పఫ్. అమ్మగారికీ బాబుకీ చెరో స్పేసర్ తప్పక కొనండి. వారానికోసారి సబ్బు నీళ్లలో ముంచి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి. తుడిస్తే లోపల కరెంటులాంటి గుణం పుట్టి మందు గోడలకే అంటుకుంటుంది. కొనే వీలు లేని చోట అర లీటరు కూల్ డ్రింక్ సీసా అడుగున పంపు మూతి బిగుతుగా పట్టేంత రంధ్రం చేసి, సీసా మూతి నోట్లో పెట్టుకుని పీల్చినా పనిచేస్తుంది. దక్షిణాఫ్రికాలో పిల్లల మీద పరీక్షించి చూసిన పద్ధతే ఇది. మహేంద్రగిరి కొండల మీది ఊళ్లనుంచి వచ్చినవాళ్లకి నేనే సీసా కోసి ఇచ్చిన రోజులున్నాయి.

పొడి మందు పీల్చే గొట్టాలు వేరు. రోటాహేలర్‌లో గుళిక పెట్టి తిప్పి, గట్టిగా, వేగంగా లాగాలి. పంపుకి నింపాది, దీనికి జోరు. ఒకసారి గుణుపురం వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చి, "బాబూ, రోజుకి రెండేసి గుళ్లు మింగుతున్నాను, ఏటీ గుణం కనబడనేదు" అంది. గొట్టం ఏదమ్మా అని అడిగితే సంచిలో అడుగునుంచి తీసింది, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. గుళికలన్నీ మంచినీళ్లతో మింగేసింది. తప్పు ఆమెది కాదు. గుళిక ఇచ్చినవాడు పీల్చి చూపించాలి. అప్పటినుంచి నా షాపులో కొత్త పంపు ఎవరికి ఇచ్చినా నా ఎదుట ఒకసారి కొట్టించిగానీ పంపను. మీరు కొన్నచోట కూడా పట్టుబట్టి చూపించమని అడగండి.

డబ్బాలో మందు ఉందో లేదో నీళ్లలో తేల్చి చూస్తారు. అది నమ్మకండి, మందు అయిపోయినా గ్యాసు మిగిలి తేలుతుంది. అంకెలు చూపే డబ్బా దొరికితే అదే కొనండి. లేకపోతే మొదలుపెట్టిన తేదీ డబ్బా మీద రాసి, రోజుకి ఎన్ని పఫ్‌లో లెక్కేసుకోండి. ఎండలో బండి డిక్కీలో వదిలేయకండి.

మన ప్రాంతంలో ఆయాసానికి డెరిఫిలిన్ మాత్ర వేసుకునే అలవాటు కూడా ఎక్కువ. అందులో ఉండేది థియోఫిలిన్ జాతి మందు, కాఫీలోని కెఫీన్‌కి బంధువు. 1888లో జర్మనీ శాస్త్రవేత్త కొసెల్ తేయాకులోంచే దీన్ని మొదట తీశాడు. పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువ. గుండె దడ, వాంతి, నిద్రలేమి వచ్చాయంటే మోతాదు ఎక్కువైందని అనుమానించాలి. దీని మీద ఉన్న మనిషికి విరేచనాలు పట్టుకుంటే సిప్రోఫ్లాక్సాసిన్ తెచ్చి వేస్తారు. ఆ మందు థియోఫిలిన్‌ని ఒంట్లోంచి పోనివ్వదు, అది పేరుకుపోతుంది. ఎరిత్రోమైసిన్‌తోనూ ఇదే చిక్కు. మీ అమ్మగారికి వేరే ఏ మందు కొన్నా, ఆయాసానికి ఏమేం వాడుతున్నారో షాపులో చెప్పండి. కీళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వేసుకుంటే కొందరు ఉబ్బసం రోగులకి గంటలోపే ఆయాసం ఎత్తుకుంటుంది. బీపీకీ దడకీ ఇచ్చే ప్రొప్రనలాల్ కూడా ఊపిరి గొట్టాలని బిగిస్తుంది. కంట్లో నీటి ఒత్తిడికి వేసే టిమలాల్ చుక్కలు సైతం అదే పని చేయగలవు. కంటి చుక్కలకీ ఆయాసానికీ సంబంధమేమిటని ఎవరికీ తోచదు, కాబట్టి ఎవరూ చెప్పరు.

బాబు దగ్గరికి వద్దాం. ఇద్దరిదీ ఒకటే జబ్బా అన్నారు. ముక్కూ ఊపిరితిత్తులూ ఒకే దారికి రెండు చివరలు. పైన అలర్జీ వాపు ఉంటే తుమ్ములు, నీళ్లు కారడం, ముక్కు బిగదీయడం. అదే వాపు కింద ఉంటే దగ్గు, పిల్లికూతలు. చాలామంది ఉబ్బసం పిల్లలకి రెండూ ఉంటాయి. ముక్కుని పట్టించుకోకపోతే కింద ఆయాసమూ లొంగదు.

లీవోసిట్రిజిన్, సిట్రిజిన్, ఫెక్సోఫెనడిన్, పాతకాలపు ఎవిల్, సీపీఎం, ఇవన్నీ యాంటీహిస్టమిన్లు. అలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో విడుదలయ్యే హిస్టమిన్‌కి అడ్డం పడతాయి. తుమ్ములకీ, ముక్కు దురదకీ, దద్దుర్లకీ బాగా పనిచేస్తాయి. ముక్కు దిబ్బడకి అంతంతమాత్రం. ఉబ్బసానికి ఇవి మందు కావు. ఎవిల్, సీపీఎం బాగా మత్తు తెస్తాయి, బడికెళ్లే పిల్లాడికీ బండి నడిపేవాడికీ మంచివి కావు. లీవోసిట్రిజిన్‌కి మత్తు తక్కువే గానీ ఉంటుంది, రాత్రి వేస్తే సరి. ఫెక్సోఫెనడిన్ పళ్లరసంతో వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు, నీళ్లతోనే వేసుకోవాలి.

ఆ మాత్రలో రెండో మందు మాంటెలుకాస్ట్. ఇది ల్యూకోట్రయీన్లనే రసాయనాలకి అడ్డుపడుతుంది, ముక్కుకీ ఊపిరికీ కొంత సాయం చేస్తుంది. పీల్చే స్టెరాయిడ్ అంత బలమైనది మాత్రం కాదు. 2020 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనికి పెద్ద హెచ్చరిక జోడించింది. కొందరికి పీడకలలు, చిరాకు, దిగులు, నిద్రలో లేచి ఏడవడం, అరుదుగా చచ్చిపోవాలన్న ఆలోచనలు కూడా వస్తాయని. మా షాపుకి వచ్చే ఒక తల్లి, ఏడేళ్ల కొడుకు రాత్రిళ్లు కేకలేసి లేస్తున్నాడని దిష్టి తీయించింది, తాయెత్తు కట్టించింది. వాడే మందులేమిటని అడిగి, డాక్టరు దగ్గరికి తిరిగి పంపించాను. ఆయన ఆ మాత్ర ఆపించారు, పది రోజులకి పిల్లాడు ప్రశాంతంగా పడుకున్నాడు. ఎక్కువమంది పిల్లలకి ఏమీ కాదు. అయినా మీ బాబు నిద్ర, కోపతాపాలు ఈ ఎనిమిది నెలల్లో మారాయేమో ఈ రాత్రే ఇంట్లో కూర్చుని ఆలోచించండి. మారాయనిపిస్తే వెంటనే డాక్టరుకి చెప్పండి.

రోజూ వేధించే ముక్కు అలర్జీకి అన్నిటికంటే బాగా పనిచేసేది ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే. మొమెటాసోన్, ఫ్లూటికాసోన్, ఏదైనా. ఇదీ పంపులాగే, గుణం కనిపించడానికి కొన్ని రోజులు పడుతుంది. తల కాస్త వంచి, కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో కొట్టాలి. మొన మధ్య గోడ వైపు కాకుండా బయటి చెవి వైపు చూడాలి. మధ్య గోడకి తగిలితే రక్తం కారుతుంది. గట్టిగా ఎగపీల్చకూడదు, పీలిస్తే మందు గొంతులోకి జారిపోతుంది. దిబ్బడ విప్పే జైలోమెటాజొలిన్, ఆక్సీమెటాజొలిన్ చుక్కలు వేరు. అవి నిమిషంలో ముక్కు తెరుస్తాయి గానీ ఐదు రోజులు మించి వాడితే చుక్క వేయనిదే ముక్కు తెరుచుకోని స్థితి వస్తుంది. అలవాటు అన్న మాటకి అసలు తగినవి ఆ చుక్కలు.

కందిరీగో తేనెటీగో కుట్టి, లేదా ఏదైనా పడక, ఒళ్లంతా దద్దుర్లతో పాటు గొంతు బిగుసుకుని, ఊపిరాడక, కళ్లు తిరిగితే ఎవిల్ సూది కోసం చూస్తూ కూర్చోకండి. దానికి మందు అడ్రినలిన్, తొడ బయటి కండరంలోకి. ఎంత త్వరగా పడితే అంత మంచిది. ఎవిల్, డెక్సా ఆ తరువాతే.

అమ్మగారి విషయంలో ఇంకో మాట. 54 ఏళ్ల వయసు, జీవితమంతా కట్టెల పొయ్యి ముందు. ఆమెది ఉబ్బసమే కావచ్చు, పొగ వల్ల ఊపిరితిత్తులు పాడైన సీఓపీడీ కావచ్చు, రెండూ కావచ్చు. గొట్టంలోకి గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ పరీక్షతో తేలుతుంది. మందులు మారతాయి కాబట్టి అది చేయించండి, బరంపురం వెళ్లాల్సి వచ్చినా సరే. రెండు వారాలు మించి దగ్గు ఉంటే టీబీ ఉందేమో చూసే కళ్లె పరీక్ష కూడా చేయించాలి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. ఎంత మంచి పంపైనా రోజూ పొగ మింగే మనిషికి పూర్తిగా పనిచేయదు. ఉజ్జ్వల సిలిండరు పండగలకని దాచకుండా కనీసం పొద్దుటి వంటకైనా వాడండి. పలాసలో జీడిగింజలు కాల్చే పనికి వెళ్లే మనవాళ్లకీ ఇదే చెబుతాను, ఆ పొగ ఊపిరి గొట్టాలని ఊరికే వదలదు.

మన తెలుగువాళ్లకి ఇక్కడ ఇంకో చిక్కుంది. డాక్టరుగారు ఒడియాలో అడుగుతారు, మన పెద్దవాళ్లు వచ్చిన ఒక్క ముక్క, "కాశ" అని చెప్పి ఊరుకుంటారు. కాశ అంటే దగ్గు. దగ్గు సిరప్ చేతికొస్తుంది. రాత్రి మూడింటికి లేచి మంచం మీద కూర్చుని ఊపిరి కోసం తన్నుకున్న సంగతి ఆ గదిలోకి రానే రాదు. అమ్మగారికి ఈ మాట నేర్పండి: "రాతిరె శ్వాసకష్ట హెఉఛి." రాత్రిపూట ఊపిరాడటం లేదని. వారంలో ఎన్ని రాత్రులు లేచారో, నీలం పంపు ఎన్నిసార్లు కొట్టారో క్యాలెండరులో గీతలు పెట్టి ఆ కాగితం తీసుకెళ్లండి. భాష రాకపోయినా గీతలు మాట్లాడతాయి.

చేప మందు గురించి పెద్దలతో గొడవ పడకండి. నమ్మకం వాళ్లది. పంపు బదులు అది చాలుతుందనడానికి మాత్రం వైద్యపరంగా రుజువు లేదు. వెళ్లినా పంపు సంచిలో ఉండాలి, ఒక్క పూట కూడా ఆగకూడదు. జూన్ నెల రైల్లో, అంత జనంలో, ఆయాసం వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువే.

ఆయాసం ఎత్తుకుంటే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలియాలి. మనిషిని పడుకోబెట్టొద్దు, నిటారుగా కూర్చోబెట్టండి. నీలం పంపు స్పేసర్‌తో ఒక్కొక్కటిగా 4 నుంచి 10 పఫ్‌ల దాకా కొట్టొచ్చు. మొదటి గంటలో 20 నిమిషాలకోసారి మళ్లీ కొట్టొచ్చు. ఐదేళ్లలోపు పిల్లలకైతే 2 నుంచి 6. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పిల్లాడు డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నల్లబడుతున్నా, పంపు కొట్టాక నాలుగు గంటలు నిలవకపోతున్నా ఇంట్లో ఉండకండి. 108కి ఫోన్ చేయండి, బండి వచ్చేదాకా, దారిలోనూ పంపు కొడుతూనే ఉండండి. పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి మగతలోకి జారుతుంటే తగ్గిందనుకోకండి. గాలి కదలడమే లేదని అర్థం.

బాబుని పరుగు పందాలకి పంపండి. పరుగెత్తినందుకు ఉబ్బసం పెరగదు, అదుపులో లేని ఉబ్బసమే పరుగెత్తనివ్వదు. పదిహేను నిమిషాల ముందు నీలం పంపు కొట్టాలో, కలిపిన పంపు కొట్టాలో డాక్టరుగారిని అడగండి. పోటీకి ముందు మెల్లగా రెండు చుట్లు తిరిగి ఒళ్లు వేడెక్కించమనండి. పంపు, స్పేసర్ ఇంట్లో బీరువాలో కాకుండా వాడి బడి సంచిలో ఉండాలి, ఎలా కొట్టాలో ఆటల మాస్టారికి మీరే ఒకసారి వెళ్లి చూపించండి. ముందు కొట్టుకున్నా గ్రౌండులో దగ్గి దగ్గి కూర్చుండిపోతున్నాడంటే రోజువారీ పంపు మోతాదో, కొట్టే తీరో సరిపోవడం లేదు. ఆ వారమే తీసుకెళ్లి చూపించండి.